‘మూడు ఇంటూ పన్నెండు’ ఎంత? ఇంగ్లండ్‌లో ఒక తెలుగు ట్రైనీ టీచర్ కేసు

ఇంగ్లండ్‌లో హైస్కూల్ టీచర్లుగా శిక్షణ పొందేవాళ్లకు యూనివర్సిటీ తరఫున ట్యూటర్‌గా ఉండటం నా ఉద్యోగం. నేను పిల్లలకు పాఠం చెప్పను. పాఠం చెప్పడం నేర్చుకుంటున్నవాళ్ల క్లాసులో చివరి బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటాను. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం ఒకటే: ఇందులో ట్రైనీ పొరపాటు కన్నా నా పొరపాటు పెద్దది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, స్కూళ్లు, సంవత్సరం ఇవ్వడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టించే చిన్న వివరాలు కొన్ని మార్చాను. క్లాసులో పలికిన మాటలు మాత్రం మార్చలేదు. కేసంతా వాటి మీదే నడిచింది మరి.

నేపథ్యం

ట్రైనీది కోస్తాంధ్ర. ఎమ్మెస్సీ గణితం, మంచి మార్కులు. ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో రెండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పింది. సెక్షన్‌కు ఎనభై మంది. పొద్దున థియరీ, మధ్యాహ్నం ప్రాబ్లమ్స్, రాత్రి స్టడీ అవర్స్, వారం చివర టెస్టు. తెలుగువాళ్లకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

బీఈడీ చేయలేదు. అక్కడే దారి మారింది. 2023 ఫిబ్రవరి నుంచి భారత్‌తో సహా మరికొన్ని దేశాల్లో శిక్షణ, అనుభవం ఉన్న లెక్కలు, సైన్సు, భాషల టీచర్లు ఇంగ్లండ్ టీచర్ అర్హత అయిన క్యూటీఎస్‌కు నేరుగా అప్లై చేసుకోవచ్చు. శిక్షణ పట్టా లేనివాళ్లకు ఆ వీలు లేదు. అందుకే ఆమె డిగ్రీ తర్వాత చేసే ఏడాది టీచర్ శిక్షణ కోర్సు పీజీసీఈలో చేరింది.

మన బీఈడీ రెండేళ్లలో స్కూల్ ఇంటర్న్‌షిప్ 20 వారాలు. ఇక్కడ కోర్సే సుమారు పది నెలలు, అందులో కనీసం 120 రోజులు స్కూల్లో ఉండాలి, అదీ కనీసం రెండు స్కూళ్లలో. అంటే చదువంతా దాదాపు క్లాసురూంలోనే. మొదట చూడటం, తర్వాత పాఠంలో ఒక ముక్క చెప్పడం, ఆ తర్వాత మొత్తం క్లాసు. ప్రతి ట్రైనీకి స్కూల్లో ఒక మెంటర్ ఉంటారు, వారం వారం కూర్చుని మాట్లాడతారు. ట్యూటర్‌గా నేను అప్పుడప్పుడు వెళ్లి చూస్తాను. చివరికి ప్రభుత్వం పెట్టిన ఎనిమిది టీచర్ ప్రమాణాలకు సరితూగితే అర్హత వస్తుంది, లేదంటే రాదు.

మొదటి స్కూలు మిడ్‌ల్యాండ్స్‌లో ఒక మోస్తరు పట్టణంలో ఉంది. మెంటర్ పదిహేనేళ్లుగా లెక్కలు చెబుతున్న ఇంగ్లిష్ ఆయన, నెమ్మదస్తుడు. క్లాసులో సగం మందికి ఇంట్లో ఇంగ్లిష్ కాకుండా ఇంకో భాష ఉంది: ఉర్దూ, పోలిష్, టర్కిష్, ఇంకా ఏవేవో.

సమస్య ఎలా కనిపించింది

అక్టోబర్ చివరి సెలవుల తర్వాత ఇయర్ 8 క్లాసు ఆమెకు పూర్తిగా అప్పగించారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు ఇరవై ఎనిమిది మంది. రెండు వారాలు తిరక్కుండానే మెంటర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది: క్లాసు ఆమె చెయ్యి దాటిపోతోంది, మీరు ఒకసారి రావాలి అని.

ప్రతి పాఠం ఒకేలా నడుస్తోంది. మొదటి అయిదు నిమిషాలు బాగానే ఉంటుంది. ఆమె నోటి లెక్కలు అడగడం మొదలుపెట్టగానే నవ్వులు, గుసగుసలు. బోర్డు మీద పద్ధతి రాసి, వెనక్కి తిరిగి "ఎనీ డౌట్స్?" అంటుంది. ఒకడు "లేదు మిస్, మిమ్మల్ని నమ్ముతున్నాం" అంటాడు. క్లాసంతా నవ్వు. ఆమె ముఖం ఎర్రబడుతుంది. తర్వాత అభ్యాసం ఇస్తే సగం మంది చెయ్యలేరు.

నవంబర్ మొదట్లో ఒక సంఘటన జరిగింది. నోటి లెక్కల్లో ఆమె "త్రీ ఇంటూ ట్వెల్వ్?" అని అడిగింది. ముందు వరసలో ఒక అబ్బాయి "ఫోర్" అన్నాడు. "కాదు, థర్టీ సిక్స్" అంది. "అది టైమ్స్ కదా మిస్, మీరు ఇంటూ అన్నారు" అన్నాడు. ఆమె హెచ్చరిక ఇచ్చింది. వాడు మళ్లీ అదే మాట అన్నాడు. రెండో హెచ్చరిక. మూడోసారి పక్కవాడి వైపు తిరిగి ఏదో అన్నాడు. స్కూలు నియమం ప్రకారం మధ్యాహ్నం భోజన విరామంలో అరగంట డిటెన్షన్, అంటే బయటికి వెళ్లకుండా గదిలో కూర్చోవాల్సిన శిక్ష, పడింది.

తర్వాత ఆమె నాతో అన్నది ఇది: "ఇంటూ అంటే టైమ్సే కదా మేడమ్. వాడికి తెలుసు. తెలిసి కూడా నన్ను వెక్కిరించాడు."

తెలుగు చదువరికి ఈపాటికి అర్థమై ఉంటుంది, లేదా నాలాగే అర్థం కాకపోయి ఉంటుంది. మనకు మూడు ఇంటూ పన్నెండు అంటే ముప్పై ఆరు. ఎవర్ని అడిగినా అంతే. ఇంగ్లండ్ పిల్లలకు ‘త్రీ ఇంటూ ట్వెల్వ్’ అంటే పన్నెండులో మూడు ఎన్నిసార్లు పోతుంది అని. జవాబు నాలుగు. వాడు సరైన జవాబు చెప్పి డిటెన్షన్‌లో కూర్చున్నాడు.

ఎవరు ఏం అనుకున్నారు

ఆ రోజు మెంటర్ క్లాసులోనే ఉన్నాడు. ఇంగ్లిష్ మనిషి కాబట్టి వెంటనే పట్టుకోవాలి కదా అనిపిస్తుంది. ఆయన తన కాగితం మీద రాసింది: ‘ఒత్తిడిలో నోటి లెక్కల్లో తప్పులు. సబ్జెక్ట్ నాలెడ్జ్?’ ఆ ప్రశ్న గుర్తు పక్కన ఇంకేమీ రాయలేదు. ఎమ్మెస్సీ గణితం చదివిన మనిషికి భాగహారం రాదని చెప్పడానికి ఆయనకు మొహమాటం. భారతదేశంలో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఆయనకు తెలిసే అవకాశం లేదు.

వారం తర్వాత నేను వెళ్లాను. నేను చూసిన పాఠంలోనూ ఆమె ‘ఇంటూ’ అంది, ఒకసారి కాదు. నాకు వినపడలేదు. చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు, ఎందుకంటే అది నా చెవికి పుట్టింటి మాట. ఇరవై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చినప్పుడు ఎప్పుడో ‘టైమ్స్’ అనడం నేర్చుకున్నాను. ఎప్పుడు నేర్చుకున్నానో, ఏ అవమానం తర్వాత నేర్చుకున్నానో గుర్తులేదు. నేను రాసింది: ‘వేగం ఎక్కువ. ఉచ్చారణ. క్లారిటీ.’

ఆమె అనుకున్నది పిల్లలకు గౌరవం లేదని.

చూసింది ఒకే గది. మెంటర్‌కు లెక్కల లోపం కనబడింది, నాకు యాస కనబడింది, ఆమెకు అల్లరి కనబడింది. ఒక్కొక్కరం ఎవరి భయాన్ని వాళ్లం చూశాం. నా సంగతి చెప్పాలంటే, నేను వచ్చిన కొత్తలో నా యాసను ఒక స్టాఫ్‌రూంలో ఎవరో అనుకరించారు. అప్పట్నుంచి మనవాళ్లు ఎవరు తడబడినా ముందు యాసే అనిపిస్తుంది నాకు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

నవంబర్ మధ్యలో ఆమెను సపోర్ట్ ప్లాన్ మీద పెట్టాం. మూడు వారాల్లో ఫలానా మార్పులు కనబడాలి, లేకపోతే ప్లేస్‌మెంట్, అంటే ఆ స్కూల్లో ఆమె శిక్షణ, ప్రమాదంలో పడుతుంది. ఫీజు కోసం అప్పు చేసి, స్టూడెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయికి ఆ కాగితం ఎంత టెన్షనో నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను. పెట్టకపోతే ఇయర్ 8 పిల్లలకు అన్యాయం.

మొదటి చికిత్స నాది: నెమ్మదిగా మాట్లాడు. ఆమె తన పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఇంట్లో ఒంటరిగా మళ్లీ మళ్లీ చెప్పుకుని, నిజంగానే నెమ్మదించింది. ఫలితం ఏమిటంటే పిల్లలకు ‘ఇంటూ’ ఇంకా స్పష్టంగా వినబడింది. గందరగోళం పెరిగింది. మందు ఇస్తే రోగం పెరిగినప్పుడు రోగ నిర్ధారణ తప్పేమో అని ఆగి చూడాలి. నేను మోతాదు పెంచాను.

రెండోది మెంటర్ సలహా: హెచ్చరికల నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించు. ఇది మామూలుగా మంచి సలహానే. కొత్త టీచర్లు ఒకరోజు ఊరుకుని ఇంకోరోజు విరుచుకుపడతారు, పిల్లలకు హద్దు ఎక్కడో తెలియక అల్లరి పెరుగుతుంది. కానీ ఇక్కడ సరైన జవాబు చెప్పినవాడికే శిక్ష పడుతున్నప్పుడు, నియమం ఎంత కచ్చితంగా అమలైతే అంత అన్యాయం. బాగా చదివే పిల్లలే ముందు దూరమయ్యారు. అదే మాకు సూచన కావాల్సింది. మామూలు అల్లరి అలా మొదలవదు.

మూడోది ఆమె సొంత ఆలోచన: పాఠం మొత్తం ముందే ఇంగ్లిష్‌లో రాసుకుని బట్టీ పట్టడం. ఒక గంట పాఠానికి పదకొండు పేజీలు! ఆ కష్టం చూసి నేను మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకోకుండా ఉండాల్సింది. మూడో పేజీ దగ్గర ఒక పాప వేరే పద్ధతి చెప్పింది, అది సరైనదే. స్క్రిప్టులో లేదు. ఆమె "అది తర్వాత చూద్దాం" అని నాలుగో పేజీకి వెళ్లిపోయింది. ఆ పాప పెన్ను కింద పెట్టేసింది.

మెంటర్ హాస్యాన్ని అనుకరించే ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. ఆయన ఫుట్‌బాల్ జోకులు వేస్తాడు. ఆమెకు ఫుట్‌బాల్ తెలియదు. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

నోటుబుక్కు

విషయం బయటపెట్టింది మాలో ఎవరమూ కాదు. క్లాసులో ఒక టీచింగ్ అసిస్టెంట్ ఉండేది. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఆవిడ, ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లలో జీతం అందరికన్నా తక్కువ. లెక్కల్లో వెనకబడిన ఒక బాబు పక్కన కూర్చోవడం ఆవిడ పని. నవంబర్ చివర్లో ఒకరోజు విరామ సమయంలో వాడి నోటుబుక్కు తీసుకుని మెంటర్ దగ్గరికి వెళ్లింది.

ట్రైనీ నోటితో ‘ట్వెల్వ్ బై ఫోర్’ అని చెప్పింది. మన లెక్కలో పన్నెండు బై నాలుగు, అంటే మూడు. బాబు నోటుబుక్కులో ఒక దీర్ఘచతురస్రం గీసి, ఒక పక్క 12, ఇంకో పక్క 4 రాసి, మధ్యలో 48 అని రాశాడు. ట్రైనీ దాన్ని కొట్టేసింది. ఇక్కడ ‘ట్వెల్వ్ బై ఫోర్’ అంటే గది కొలత. పన్నెండు అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు.

ఆవిడ అడిగింది ఇంతే: "మిస్ ‘ఇంటూ’ అంటే మనం ‘టైమ్స్’ అనేదా? ‘బై’ అంటే మనం ‘ఇంటూ’ అనేదా?"

మెంటర్ నాకు ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాడు. నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు మాటలూ సరిగ్గా తలకిందులు. మన గుణకారం మాట వాళ్ల భాగహారం, మన భాగహారం మాట వాళ్ల గుణకారం. నెల రోజులుగా ఆ అమ్మాయి ప్రతి నోటి లెక్కా పిల్లలకు తిరగేసి వినబడుతోంది.

ఇంకో సంగతి తర్వాత తట్టింది. మనమూ ఇంటి స్థలం గురించి మాట్లాడేటప్పుడు ‘ముప్పై బై నలభై’ అంటాం. అక్కడ ‘బై’ అంటే భాగించడం కాదు, ఎవరూ ముప్పైని నలభైతో భాగించరు. ఒకే నోటితో రెండు అర్థాలు వాడుతూ ఎన్నడూ తడబడలేదు మనం.

తెలుగులో ఒక సమావేశం

ఆమెతో ఎలా మాట్లాడాలి అన్నది నాకు చిన్న నిర్ణయం కాదు. అప్పటివరకూ మా మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే, చాలాసార్లు మెంటర్ ఎదుట. ఏది చెప్పినా ఆమె జవాబు ఒకటే: "ష్యూర్ మేడమ్, ఐ విల్ ఇంప్రూవ్." ఇక్కడ ట్రైనీలు ట్యూటర్‌ను పేరు పెట్టి పిలుస్తారు. ఆమె ఒక్కరోజూ పిలవలేకపోయింది, మేడమ్ అనే అంది. తెలుగులో మాట్లాడితే మిగతా ట్రైనీలకు లేని సౌకర్యం ఆమెకు ఇచ్చినట్టవుతుందేమోనని సంకోచం. చివరికి మెంటర్‌కు ముందే చెప్పి, ఒక్క సమావేశం తెలుగులో పెట్టాను. ‘ఇంప్రూవ్’ అనే మాట వెనక ఏముందో నాకు ఇంగ్లిష్‌లో అందదని తేలిపోయింది కాబట్టి.

"ఏమ్మా, మూడు ఇంటూ పన్నెండు ఎంత?" అన్నాను.

"ముప్పై ఆరు మేడమ్."

"పన్నెండును మూడుతో భాగించడం మీ అమ్మ నీకు ఎలా చెప్పింది?"

"పన్నెండులో మూడు ఎన్నిసార్లు పోతుంది అని..." అని ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "పోతుంది. గోస్ ఇంటూ. అయ్యో మేడమ్, వాడు కరెక్టే చెప్పాడు."

ఇంగ్లండ్ పిల్లల ‘ఇంటూ’ మన తెలుగు ఇళ్లలో ‘పోతుంది’ రూపంలో ఉంది. ఆమెకు పరాయి మాట కానే కాదు.

తర్వాత నలభై నిమిషాలు ఆమే మాట్లాడింది. కాలేజీ సంగతులు చెప్పింది. ఎనభై మంది పిల్లలు రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె మాటకు అడ్డు చెప్పలేదు. ‘ఎనీ డౌట్స్’ అంటే నిశ్శబ్దం. నిశ్శబ్దం అంటే అర్థమైందని లెక్క. వారం చివర టెస్టులో మార్కులు వచ్చేవి, తక్కువ వచ్చినవాళ్లను వేరే సెక్షన్‌కు మార్చేవాళ్లు. వాళ్లకు ఏం అర్థం కాలేదో ఆమెకు తెలిసేది కాదు, తెలుసుకునే దారే లేదు. "ఇక్కడ పిల్లలు నా తప్పు నాకు రోజూ చెబుతున్నారు మేడమ్. నేనేమో డిటెన్షన్లు వేస్తున్నాను" అంది.

ఈ కేసులో నాకు అసలు మలుపు అక్కడే. అప్పటివరకూ అల్లరిని ఆపాల్సిన విషయంగా చూశాం. అది వినాల్సిన విషయం.

పనిచేసినవి

ముందుగా మాటలు. ఒక నోటుబుక్కులో రెండు గడులు గీసింది: మా ఊళ్లో ఇలా, ఇక్కడ ఇలా. ఇంటూ, బై రెండూ పైన. తర్వాత ‘డౌట్’: మనకు సందేహం, అడగాల్సిన ప్రశ్న. ఇక్కడి చెవికి అపనమ్మకం. ‘మిమ్మల్ని నమ్ముతున్నాం మిస్’ అన్నవాడు కొంటెవాడే కావచ్చు గానీ, ఆ కొంటెతనానికి ఒక ఆధారం ఉంది. ఆ తర్వాత కామాలు. ఒకసారి బోర్డు మీద లక్షను 1,00,000 అని రాసింది, ఇక్కడ 100,000. క్రిస్మస్ నాటికి ఇరవైకి పైగా మాటలు పోగయ్యాయి. ఇంకో తేడా కూడా దొరికింది. వీళ్లకు ఎక్కాలు రావని ఆమె గట్టిగా నమ్మింది. ఇక్కడ ఇయర్ 4లో, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో, పన్నెండో ఎక్కం దాకా దేశమంతటికీ పరీక్ష ఉంటుంది. ఇరవై అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు. పిల్లలకు ఎక్కాలు వచ్చు. ప్రశ్నే తిరగబడి చేరింది.

రెండోది పలకలు. ఇక్కడ ప్రతి పిల్లవాడి దగ్గరా చిన్న వైట్‌బోర్డు ఉంటుంది. టీచర్ ప్రశ్న అడుగుతుంది, అందరూ రాసి ఒకేసారి పైకెత్తి చూపిస్తారు. అర్థమైందా అని అడగక్కర్లేదు, కళ్లకు కనబడుతుంది. మొదట ఆమెకు అది చిన్నపిల్లల ఆటలా తోచింది. "ఎమ్మెస్సీ చదివి మళ్లీ పలక దగ్గరికే వచ్చాం" అని నవ్వింది. కానీ మొదటిరోజే ఇరవై ఎనిమిది పలకల్లో పదకొండు మంది ఒకే తప్పు రాయడం చూసి, పాఠం ఆపి వెనక్కి వెళ్లింది. స్క్రిప్టు పట్టుకుని ఉంటే అది జరిగేది కాదు. అందుకే పలకలు మొదలైన రోజునే స్క్రిప్టు మానెయ్యమన్నాను. బదులుగా ప్రతి పాఠానికి ఒకే ఒక ప్రశ్న ముందే రాసుకోమన్నాను: ఏ జవాబు వస్తే ముందుకు వెళ్తావు, ఏ జవాబు వస్తే ఆగుతావు. ఈ పద్ధతి నాది కాదు. విద్యా పరిశోధకుడు డిలన్ విలియమ్ లాంటివాళ్లు ప్రచారంలోకి తెచ్చిన ‘హింజ్’ ప్రశ్న.

మూడోది ఆగడం. అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించింది: టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మించి ఆగరు, మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవూ లోతూ పెరుగుతాయి. ఇది ట్రైనీలందరికీ సెప్టెంబర్‌లోనే చెబుతాం, ఎవరూ పాటించరు. మన అమ్మాయికి ఆగడం మరీ కష్టం, ఎందుకంటే తన కాలేజీలో నిశ్శబ్దం అంటే పాఠం నడవడం లేదని అర్థం. మనసులో తెలుగులో లెక్కపెట్టమన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంగ్లిష్‌లో లెక్కపెడితే తొందరగా అయిపోతోందట.

ఆ అబ్బాయి సంగతి నాలుగోది. ఇక్కడ మేము ఏకీభవించలేదు. రికార్డులోంచి డిటెన్షన్ తీసేయించడం వరకు అందరం ఒప్పుకున్నాం. క్లాసు ముందు క్షమాపణ చెబుతాను అని ఆమె అంది. నేను వద్దన్నాను. నా వాదన: క్లాసు ఇంకా కుదుటపడలేదు, ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే ఉన్న పరువూ పోతుంది, వాణ్ని పక్కకు పిలిచి చెప్పు చాలు. మెంటర్ నిర్ణయం ఆమెకే వదిలాడు. నా మాట వెనక బోధనా శాస్త్రం కన్నా మా మాస్టార్ల బెత్తం ఎక్కువ ఉందని ఇప్పుడు అనుకుంటాను.

డిసెంబర్ మొదటి వారంలో ఆమె బోర్డు మీద మాటల్లోనే రాసింది: ‘త్రీ ఇంటూ ట్వెల్వ్’. పలకలు ఎత్తమంది. అందరూ 4. తన పలక ఎత్తింది: 36. "నేను పెరిగిన చోట కోట్ల మంది దీనికి 36 అంటారు. మీ జవాబు తప్పు కాదు, నాదీ తప్పు కాదు. కానీ ఈ గదిలో మీరు చెప్పిందే సరి. నవంబర్‌లో ఇక్కడ ఒకరికి సరైన జవాబు చెప్పినందుకు శిక్ష వేశాను. సారీ." వాడు తల దించుకుని నవ్వాడు. నేను చివరి బల్ల దగ్గర ఉన్నాను. గది మీద పట్టు పోతుందనుకున్నాను. ఆ నెలన్నరలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి, అది కాలేజీ నిశ్శబ్దం లాంటిది కాదు.

ఆ తర్వాత జరిగింది ఎవరి ప్లానులోనూ లేదు. పిల్లలు తమ ఇంటి మాటలు చెప్పడం మొదలుపెట్టారు. ఉర్దూ మాట్లాడే పిల్లలు డేఢ్, ఢాయీ అన్నారు: ఒకటిన్నర, రెండున్నర, ఒక్కోదానికి విడిగా ఒక్కో మాట. ఆమె పావు, అర, ముప్పావు చెప్పింది. పిల్లలు ‘ముప్పావు’ పలకడానికి పోటీపడ్డారు. అప్పుడు ఐదింట మూడు వంతులు అంటే ఏమిటో చెప్పింది. తెలుగులో హారం ముందు వస్తుంది: ఐదు భాగాల్లో, మూడు. ఒక పాప చెయ్యి ఎత్తి, టర్కిష్‌లోనూ అంతే మిస్, ‘బెష్‌తే ఉచ్’, ఐదులో మూడు అంది. ఆ పాప అప్పటిదాకా క్లాసులో నోరు విప్పలేదు.

తర్వాతి పాఠం భిన్నాల కూడిక. మూడింట ఒకటి, ఐదింట రెండు. ఇయర్ 8 పిల్లల మామూలు తప్పు పైవి పైవి, కిందవి కిందవి కలిపి ఎనిమిదింట మూడు అనడం. ఆమె హారం ముందు పెట్టి చదివించింది. ముందు వరస అబ్బాయే అన్నాడు: "మిస్, ఒకటి మూడింట్లోది, ఇంకోటి ఐదింట్లోది, ఎలా కలుపుతాం?" సరిగ్గా అక్కడికే రావాలి పాఠం. వారం తర్వాత సగం మంది మళ్లీ ఎనిమిదింట మూడు రాశారు, అది వేరే సంగతి.

రెండో స్కూలు

ఫిబ్రవరిలో స్కూలు మారింది. సపోర్ట్ ప్లాన్ అప్పటికే ముగిసింది. అక్కడ కథ సాఫీగా నడిచిందని చెప్పను. ఇయర్ 9 శుక్రవారం చివరి పీరియడ్ ఆఖరి రోజు దాకా ఆమెకు లొంగలేదు. ఆ గంట పాతకాపులకే లొంగదు. పేరెంట్స్ ఈవినింగ్‌లో ఒక తండ్రి అడిగిన సూటి ప్రశ్నకు ఆమె మళ్లీ ‘ష్యూర్’లోకి జారుకుంది. పొద్దున ఆరున్నరకు చీకట్లో బస్సు, సాయంత్రం చీకట్లో బస్సు, వాళ్లమ్మ ఫోన్‌లో "తిన్నావా" అని అడిగితే ఏడుపు. ఇవన్నీ ఉన్నాయి. విదేశీ ప్లేస్‌మెంట్ల ప్రచార కరపత్రాల్లో ఇవి ఉండవు.

కానీ కొత్త స్కూల్లో మొదటి రోజే తన రెండు గడుల నోటుబుక్కు టీచింగ్ అసిస్టెంట్ చేతికిచ్చి, నేను ఇలాంటి మాట ఏదైనా అంటే ఇందులో రాసిపెట్టండి అంది. అది నేను చెప్పింది కాదు. జూన్ చివరికి పాసైంది, క్యూటీఎస్ వచ్చింది.

ఆమెకు దక్కింది

కోర్సు చివర్లో ప్రతి ట్రైనీ ఈ ఏడాది ఏం నేర్చుకున్నారో రాయాలి. సాధారణంగా ‘భిన్న సంస్కృతులు’, ‘ఆత్మవిశ్వాసం’ లాంటి మాటలు వస్తాయి. ఆమె తన పాత కాలేజీ గురించి రాసింది. ఎనభై మందిలో అర్థంకానివాళ్లు ఎవరో ఇప్పుడు ఆలోచిస్తుంటే కొన్ని ముఖాలు గుర్తొస్తున్నాయని, పేర్లు మాత్రం గుర్తురావడం లేదని. దేశం దాటి వచ్చి పాఠం చెప్పినందుకు దక్కిన లాభం ఇది అంటే వినడానికి లాభంలా ఉండదు. నా ఉద్దేశంలో అదే లాభం. సొంత ఊళ్లో ఉంటే తన మాట తనకు వినబడేది కాదు. ఇరవై ఎనిమిది మంది పన్నెండేళ్ల పిల్లలు నవ్వితే వినబడింది.

లాభం స్కూలుకూ వచ్చింది. మెంటర్ ఇప్పుడు భిన్నాలను హారం ముందు పెట్టి చదివిస్తాడట. "నా దగ్గర వేరే భాష లేదు, మీది అరువు తెచ్చుకున్నాను" అన్నాడు. టీచింగ్ అసిస్టెంట్ ఆవిడ ఆ ఏడాదే రిటైరైంది. ట్రైనీ ఆవిడకు కొండపల్లి బొమ్మ ఒకటి ఇచ్చింది.

నేను మార్చుకున్నవి

బయటి దేశాల్లో చదివి వచ్చిన ట్రైనీలకు ఇప్పుడు సెప్టెంబర్ మొదటి వారంలోనే ఒక పని ఇస్తున్నాను: నీ సబ్జెక్టులో మీ ఊళ్లో వాడే పది మాటలు మెంటర్‌కు గట్టిగా చదివి వినిపించు, ఆయనకు ఏం అర్థమైందో అడుగు. అరగంట పని. అల్లరి గురించి మెయిల్ వస్తే, ముందు ఎవరు అల్లరి చేస్తున్నారో అడుగుతున్నాను. బాగా చదివేవాళ్లతో మొదలైందంటే పిల్లలను కాదు, పాఠాన్ని చూడటానికి వెళ్తాను. పాఠం చూశాక నా కాగితం రాసేముందు టీచింగ్ అసిస్టెంట్‌తో అయిదు నిమిషాలు మాట్లాడుతున్నాను.

ఒక పని మాత్రం వెనక్కి తిరిగి చేయలేనిది. ఆ వేసవిలో పాత అబ్జర్వేషన్ షీట్లు తీసి చూశాను. ఆమెకు ముందు మన ప్రాంతాల నుంచి వచ్చిన లెక్కల ట్రైనీలు నా దగ్గర నలుగురు. ఒకరు మధ్యలో మానేసి వెళ్లిపోయారు. ఆ షీట్లలో నా చేతిరాతలో ‘క్లారిటీ’ అన్న మాట పందొమ్మిది చోట్ల ఉంది. ఆ పాఠాల్లో వాళ్లు పలికిన మాటలేవీ నేను రాసుకోలేదు.